లవం ఆసుపత్రిలో, హారం ఊళ్ళో

"మీరు డాక్టర్ కాదు కదా, ఎపిడెమియాలజీలోకి ఎలా వచ్చారు?" అని స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు తరచూ అడుగుతుంటారు. ఎపిడెమియాలజీ అంటే జనంలో జబ్బులు ఎంతమందికి, ఎందుకు వస్తున్నాయో లెక్కగట్టే శాస్త్రం. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తే పోలా అనిపించింది. నా దారి తిన్నగా ఏమీ సాగలేదు, కాబట్టి చెప్పడం కూడా తిన్నగా ఉండదు.

మాది శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతం. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేస్తున్నప్పుడు మా బ్యాచ్‌కి కనిపించిన దారులు కొన్నే. బాగా చదివేవాళ్ళు ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ అంటూ ఢిల్లీ కోచింగుల వైపు చూసేవారు. తొందరగా ఉద్యోగం కావాల్సినవాళ్ళు అమీర్‌పేట వెళ్ళి శాస్ అనే డేటా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరి, క్లినికల్ ట్రయల్స్ డేటా చూసే కంపెనీల్లో ప్రోగ్రామర్లయ్యేవారు. మిగిలినవాళ్ళకి డిగ్రీ కాలేజీలో పాఠాలు, బ్యాంకు పరీక్షలు, కాదంటే అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు. ప్రజారోగ్యంలో పరిశోధన అనే దారి ఒకటుందని మాకెవరూ చెప్పలేదు. సిలబస్‌లో వైటల్ స్టాటిస్టిక్స్ అని ఒక యూనిట్ ఉండేది: జనన రేటు, మరణ రేటు, లైఫ్ టేబుల్. సులువుగా మార్కులొచ్చే యూనిట్ అని తప్ప దానికి వేరే గౌరవం లేదు.

ప్రఖ్యాత స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారు గణితంలో ఎం.ఏ. చేసిన యూనివర్సిటీ మాది. ఆయన పేరుతో ఉన్న క్రామర్–రావు, రావు–బ్లాక్‌వెల్ నిరూపణలు కళ్ళు మూసుకుని రాసేవాళ్ళం. ఆయన 1946లో కేంబ్రిడ్జి వెళ్ళింది సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికని మాత్రం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా పాఠాల్లో ఎముకలూ లేవు, మనుషులూ లేరు. ప్రతి లెక్కా ఒకేలా మొదలయ్యేది: ఎక్స్ వన్, ఎక్స్ టూ... ఎక్స్ ఎన్ అనేవి ఒక జనాభా నుంచి తీసిన యాదృచ్ఛిక శాంపిల్ అనుకుందాం. ఆ "అనుకుందాం" దగ్గర ఆగి, ఎవరు తీశారు, ఎలా తీశారు అని అడిగినవాళ్ళు లేరు.

ఎమ్మెస్సీ అయ్యాక ఒక పోషకాహార సర్వేలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. వాకిన్ ఇంటర్వ్యూ, కన్సాలిడేటెడ్ జీతం, ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే ఉద్యోగం. ఇంట్లోవాళ్ళకి ఇది ఉద్యోగమని నమ్మించడానికే కొంతకాలం పట్టింది. నా పని డేటా క్లీనింగ్. అంటే ఊళ్ళ నుంచి వచ్చిన ఫారాల్లో తప్పులు పట్టుకోవడం.

నా అసలు చదువు అక్కడ మొదలైంది. పెద్దవాళ్ళ వయసుల్ని గ్రాఫ్ గీస్తే 40, 45, 50, 55, 60 దగ్గర గుట్టలు, మధ్యలో గుంటలు. పుట్టిన తేదీ తెలియని మనిషి "ఏభై ఉంటాయేమో" అంటాడు, రాసుకునేవాళ్ళు 50 వేస్తారు. దీన్ని కొలవడానికి విపుల్ సూచిక అని ఒకటుందని డిగ్రీలో చదివాను కానీ, కళ్ళతో చూడటం అదే మొదలు. పిల్లల పుట్టిన బరువులైతే మరీను. 2.5 కిలోల దగ్గర బీడు భూమిలో తాటిచెట్టు లేచినట్టు ఒకే ఒక్క గీత. 2.5కి తక్కువైతే తక్కువ బరువు బిడ్డ కింద లెక్క. అప్పుడు అదనంగా రాయాల్సినవి, చెప్పుకోవాల్సిన జవాబులు ఉంటాయి. కాటా ముల్లు 2.4కీ 2.5కీ మధ్య ఊగుతున్నప్పుడు నర్సమ్మ ఏది రాస్తుందో ఊహించడానికి డిగ్రీలు అక్కర్లేదు. చేత్తో చూసే బీపీ మిషన్ రీడింగులన్నీ సున్నాతోనే ముగిసేవి. 140 దాటితే బీపీ ఉన్నట్టు అని కాకుండా, 140 నుంచే బీపీ ఉన్నట్టు లెక్క కాబట్టి, 138ని 140గా గుండ్రం చేసే అలవాటు ఒక్కటే జిల్లాలో రక్తపోటు శాతాన్ని పెంచేయగలదు. ఏ సిద్ధాంతంలోనూ ఈ రకం దోషానికి సగటు సున్నా కాదు.

తర్వాత ఒక వైద్య కళాశాలలో కొన్నాళ్ళు పనిచేశాను. కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో స్టాటిస్టీషియన్ కమ్ ట్యూటర్ అనే పోస్టు ఉంటుంది. మనలాంటివాళ్ళకి వైద్య కళాశాలల్లో ఉన్న వాకిలి అదొక్కటే అనుకోండి. పీజీ డాక్టర్లు థీసిస్ ఇచ్చే వారం ముందు ఎక్సెల్ షీటు పట్టుకుని వచ్చేవారు. "మేడమ్, పీ వాల్యూ రావాలి." కనిపించిన తేడా ఉత్త యాదృచ్ఛికమేనా అని తూచే అంకె అది. చిన్నదిగా వచ్చేదీ రానిదీ నా చేతిలో ఉన్నట్టే అడిగేవారు. శాంపిల్ సైజ్ ఎలా నిర్ణయించారంటే అందరిదీ ఒకే మంత్రం, 4పీక్యూ బై ఎల్ స్క్వేర్. ఒకే గుంపులో ఒక శాతాన్ని అంచనా వేయడానికి పనికొచ్చే సూత్రం అది. పోల్చడానికి రెండు గుంపులున్నా అదే సూత్రం, ట్రయల్ అయినా అదే సూత్రం. వాళ్ళను తప్పుపట్టను. రాత్రంతా క్యాజువాల్టీలో నిలబడి పొద్దున్నే నా దగ్గరికి వచ్చే మనిషికి శాంప్లింగ్ సిద్ధాంతం చెప్పబోవడం నాకే అన్యాయంగా తోచేది.

కానీ ఆ థీసిస్‌లన్నిటిలో ఒకే లోపం కనిపించేది. "మా ఆసుపత్రికి వచ్చిన రోగుల్లో ఇంత శాతం మందికి ఫలానాది ఉంది" అని రాసి, చివరి పేరాకి వచ్చేసరికి "మన సమాజంలో" అనేసేవారు. లవం ఆసుపత్రిలో దొరుకుతుంది. హారం ఊళ్ళో ఉంటుంది. ఊరికి వెళ్ళకుండా భిన్నం ఎలా రాస్తాం? మేయో క్లినిక్ స్టాటిస్టీషియన్ జోసెఫ్ బెర్క్‌సన్ 1946లోనే దీన్ని చూపించాడు. ఊళ్ళో మధుమేహానికీ పిత్తాశయ వాపుకీ ఏ సంబంధమూ లేకపోయినా, రెండూ విడివిడిగా మనిషిని ఆసుపత్రికి తెచ్చేవే కాబట్టి, ఆసుపత్రి రిజిస్టర్‌లో వాటి మధ్య లేని సంబంధం పుడుతుంది. ఆ వ్యాసం చదివిన రోజే, ఇక్కడ కూర్చుని పీ వాల్యూలు ఇవ్వడం కాదు, ఆ హారం ఉన్నచోటికి వెళ్ళాలి అనుకున్నాను.

అయితే ఎలా? ఎంబీబీఎస్ లేని మనిషికి ఎపిడెమియాలజీ చదువు ఎక్కడ దొరుకుతుందని వాకబు చేశాను. చెన్నైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ, తిరువనంతపురంలో శ్రీచిత్ర వారి అచ్యుత మీనన్ సెంటర్, వెల్లూరు సీఎంసీలో బయోస్టాటిస్టిక్స్ విభాగం, హైదరాబాదులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) ఉంది. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఏటా మారతాయి కూడా, నోటిఫికేషన్ పూర్తిగా చదవాలి. ఐసీఎంఆర్ జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) పరీక్ష జీవశాస్త్రాలవాళ్ళదేనని చాలామంది అనుకుంటారు. నేను రాసిన రోజుల్లో సోషల్ సైన్సెస్ కింద స్టాటిస్టిక్స్ వాళ్ళకీ చోటుండేది. నేను ఎంపీహెచ్ చేసి, ఆ తర్వాత పీహెచ్‌డీకి వెళ్ళాను. ఫీజు, హాస్టల్, ఇంగ్లిష్, ఈ బాధలు అందరికీ ఉండేవే, వదిలేద్దాం.

ఎంపీహెచ్ ఇంటర్వ్యూలో ఒకాయన అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. నేను లాజిస్టిక్ రిగ్రెషన్ (జబ్బు ఉందా లేదా లాంటి ఒకటి-సున్నా ఫలితాన్ని, అంటే 'వై'ని, అంచనా వేసే పద్ధతి) గురించి ఉత్సాహంగా చెబుతుంటే మధ్యలో ఆపి, "అదంతా సరేనమ్మా, నీ 'వై' ఒకటా సున్నానా అని ఎవరు నిర్ణయించారు?" అన్నారు. కేసు అంటే ఏమిటి, ఏ పరీక్షతో, ఎన్నిసార్లు చూసి, ఎవరు చెప్పారు. ఎపిడెమియాలజీ మొదటి పాఠం అదే, నాకు అది అడ్మిషన్ కంటే ముందే అయిపోయింది.

తరగతుల్లో నన్ను బాగా కుదిపింది ఫిషర్ గారి ఉదంతం. స్టాటిస్టిక్స్ విభాగంలో ఆర్.ఎ. ఫిషర్ అంటే మాకు దేవుడు. వేరియన్స్ విశ్లేషణ, రాండమైజేషన్ (ఎవరు ఏ గుంపులో పడాలో లాటరీలా తేల్చడం), మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్, ఏది పట్టుకున్నా ఆయనే. ఎపిడెమియాలజీ తరగతిలో అదే ఫిషర్ "ఇలా చేయకండి" అని చూపించే ఉదాహరణ. 1950లో బ్రిటిష్ పరిశోధకులు డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల కేన్సర్ రోగుల్ని ఇతర రోగులతో పోల్చి పొగతాగడం వైపు వేలు చూపించారు. ఫిషర్ ఒప్పుకోలేదు. పొగతాగే కోరికనీ కేన్సర్‌నీ రెండిటినీ తెచ్చే జన్యువు ఏదో ఉండవచ్చు కదా, రాండమైజేషన్ లేనప్పుడు కారణం ఎలా చెబుతారు అన్నాడు. తర్కంగా చూస్తే తప్పు పట్టలేం. నాకు మొదట ఫిషర్ వైపే మొగ్గు ఉండేది, పెంచిన చెయ్యి కదా.

దానికి జవాబు 1959లో అమెరికన్ స్టాటిస్టీషియన్ జెరోమ్ కార్న్‌ఫీల్డ్, అతని సహచరులు ఇచ్చారు. సిగరెట్ తాగేవాళ్ళలో కేన్సర్ తొమ్మిది రెట్లు ఎక్కువ అనుకుందాం. దానికంతటికీ దాగి ఉన్న ఒక జన్యువే కారణమైతే, ఆ జన్యువు తాగనివాళ్ళలో కంటే తాగేవాళ్ళలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండి తీరాలి. అంత పెద్దది ఎక్కడుంది, చూపించండి. నాలుగు గీతల బీజగణితం. "ఏదో దాగుండవచ్చు" అనే అనుమానానికి కూడా ఒక పరిమాణం ఉంటుందని, దాన్ని లెక్కగట్టి నిలదీయవచ్చని అప్పుడు అర్థమైంది. అన్నట్టు కార్న్‌ఫీల్డ్ డిగ్రీ చదివింది చరిత్రలో. కేస్–కంట్రోల్ అధ్యయనాల (జబ్బున్నవాళ్ళని లేనివాళ్ళతో పోల్చేవి) నుంచి ఆడ్స్ రేషియో ద్వారా రిలేటివ్ రిస్క్ (ఒక గుంపులో జబ్బు ముప్పు ఇంకో గుంపుకి ఎన్ని రెట్లో) అంచనా వేయవచ్చని 1951లో చూపించింది కూడా ఆయనే. డిగ్రీ ఏదని అడిగేవాళ్ళకి నేను ఈ పేరు చెబుతుంటాను.

ఆ పాఠం నాకు లండన్‌లో ఆగలేదు. మా వైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. మా నాన్నమ్మ తరం వాళ్ళు పొయ్యి దగ్గర, వల బాగు చేస్తూ, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూడా అలాగే తాగేవారు. మా శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి 1971లో డేనిష్ నోటి జబ్బుల నిపుణుడు పిండ్‌బోర్గ్ బృందం ఒక పత్రం ప్రచురించిందని లైబ్రరీలో చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి కేన్సర్ ఇక్కడ ఎందుకుంది? నిప్పు తగిలేది అంగిలికే. ఫిషర్ గారి జన్యువు ఉందే అనుకుందాం, చుట్ట ఏ వైపు తిప్పి పెట్టుకుంటే ఆ చోటే కేన్సర్ వచ్చేలా చేసే జన్యువుని ఎక్కడ వెతకాలి? ఈ ప్రశ్న ట్యుటోరియల్‌లో అడిగితే కేరళ అమ్మాయి ఒకతి అడ్డపొగ అంటే నమ్మనే లేదు. పెన్ను నోట్లో తిప్పి పెట్టుకుని చూపించాల్సి వచ్చింది.

పీహెచ్‌డీకి నేను ఎంచుకున్నది మా జిల్లాలోని ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఊళ్ళు. మధుమేహం, బీపీ లాంటి తెలిసిన కారణాలు లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయని రెండు దశాబ్దాలకు పైగా వింటున్నాం. ఇలాంటిదే మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ ఉంది. ఎండలో పని, నీళ్ళలో ఖనిజాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఎవరి అనుమానం వాళ్ళది, ఏదీ ఖాయం కాలేదు. నేను కారణం తేల్చేస్తానని వెళ్ళలేదు. ఎంతమందికి ఉందో లెక్కించడంలో ఏయే పొరపాట్లు చొరబడతాయి, వాటిని ఎలా సరిచేయాలి, ఇదీ నా అంశం. ఇద్దరు గైడ్లు, ఒకరు స్టాటిస్టిక్స్, ఒకరు నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం). ఒకరికి నచ్చిన అధ్యాయం ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. వాళ్ళిద్దరి మధ్య తర్జుమా చేయడమే సగం పీహెచ్‌డీ.

మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ గురించి మా స్టాటిస్టిక్స్ వాళ్ళకి అసలు తెలియదు, కాబట్టి ఒక మాట. రక్తం తీస్తారా, ఎన్ని మిల్లీలీటర్లు, ఫలితం చెబుతారా, జబ్బు ఉందని తేలితే ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాలి, చదువు రానివాళ్ళు వేలిముద్ర వేసేటప్పుడు సాక్షి ఎవరు, ఇవన్నీ తెలుగు అంగీకార పత్రంతో సహా ముందే రాసివ్వాలి. విదేశీ సంస్థతో కలిసి చేస్తే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి వేరే. దీనికి పట్టే కాలాన్ని పీహెచ్‌డీ ప్రణాళికలో మొదటే కలుపుకోండి.

ఊళ్ళో దిగాక మొదటి పని ఇళ్ళ జాబితా. ఆశా కార్యకర్త రిజిస్టర్ తీసుకుంటే సరిపోతుందనుకునేవాళ్ళం. ఆవిడే నవ్వి, "ఇందులో ఉన్నోలందరూ ఊర్లో ఉంటే మాకు పండగే మేడమ్" అంది. మా వైపు మగపిల్లలు చేపల వేటకి గుజరాత్‌లోని వేరావళ్ దాకా పోతారు, భవన నిర్మాణం పనులకి హైదరాబాద్, చెన్నై, ముంబయి. ఇళ్ళలో మిగిలేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పనిచేయలేక తిరిగొచ్చినవాళ్ళు. అంటే పాతికా ముప్ఫై ఏళ్ళ మగవాడు సర్వేలో దొరికాడంటే, అతను ఊళ్ళో ఉండటానికి జబ్బే కారణం కావచ్చు. ఆ వయసు గడిలో జబ్బు శాతం పెరిగిపోతుంది. ఇంకో వైపు, జబ్బు ముదిరినవాళ్ళు డయాలిసిస్ కోసం పట్టణంలో బంధువుల ఇంట్లో ఉంటారు, కొందరు అప్పటికే పోయి ఉంటారు. వాళ్ళు శాంపిల్‌లో ఉండరు, అప్పుడు శాతం తగ్గిపోతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని అనుకోవడానికి ఆధారం లేదు. అందుకే సంక్రాంతికి వలసవాళ్ళు ఇళ్ళకి వచ్చినప్పుడు ఇంకో విడత పెట్టాం. పండగ పూట రక్తం అడిగితే తిట్టనివాళ్ళు తక్కువ. "ఏటమ్మా, అరిసెలు తినడానికొచ్చినోడి దగ్గర కూడా రగతం తీస్తారేటి?" అని ఒక పెద్దావిడ గుమ్మంలోనే నిలదీసి, మమ్మల్ని కూర్చోబెట్టి మాకూ అరిసెలు పెట్టి, చివరికి మనవణ్ణి తనే పిలిచింది.

పరీక్ష సంగతి ఇంకా చిక్కు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే లోపం కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలని నిర్వచనం. ఒక్కసారి రక్తం తీసి లెక్కేస్తే, ఆ రోజు ఎండదెబ్బ తిన్నవాడూ నీళ్ళు తాగనివాడూ అందులో పడతారు. రెండోసారి వెళితే కొందరు దొరకరు, దొరకనివాళ్ళు దొరికినవాళ్ళలాంటివాళ్ళే అనలేం. పైగా కిడ్నీ పనితీరు తెలియడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే పెరిగే వ్యర్థం) కండరం నుంచి వస్తుంది. బక్కపలచని కూలి మనిషికి కండరం తక్కువ, కాబట్టి క్రియాటినిన్ కూడా తక్కువగా ఉంటుంది, వేరే దేశాల వాళ్ళ మీద తయారైన సూత్రంలో వేస్తే కిడ్నీ బాగున్నట్టు చూపిస్తుంది. నా థీసిస్‌లో ఒక పెద్ద అధ్యాయం ఇదే. ఊళ్ళో "క్రియాటిన్ ఎంత?" అని పిల్లల మార్కులు అడిగినట్టు అడుగుతారు. ఇంత ఎక్కువగా పరీక్షలు చేయించుకునే చోట జబ్బు ఎక్కువగా బయటపడటం సహజం. కేరళలో ఆయుర్దాయం ఎక్కువైనా జబ్బు ఉందని చెప్పుకునేవాళ్ళు బీహార్ కంటే ఎక్కువ అని అమర్త్య సేన్ 2002లో రాసింది కూడా ఈ కోవదే. మరి ఉద్దానంలో ఉన్నదంతా పరీక్షల వల్లే కనిపిస్తోందా? కాదు. ఆ ఊళ్ళలో యువకుల మరణాలు చూసినవాళ్ళెవరూ అలా అనలేరు. ఎంత భాగం ఏది అని విడదీయడమే మా పని.

కోవిడ్ వచ్చాక మాత్రం మా విద్యకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. 2020 మే, జూన్‌లలో ఐసీఎంఆర్ మొదటి సీరో సర్వేలో (కోవిడ్ అప్పటికే సోకిందా అని రక్తంలో యాంటీబాడీలు చూసే సర్వే) 70 జిల్లాల్లో 28,000 మంది పెద్దల రక్తం తీశారు. మా పక్క విజయనగరం కూడా అందులో ఉంది. సోకినట్టు తేలింది 0.73 శాతం మందికి. పేపర్లో ఆ అంకె చూసి "ఇంతేనా" అన్నవాళ్ళకి నేను ఒక లెక్క చెప్పేదాన్ని. వాడిన కిట్ జబ్బు సోకనివాళ్ళలో 97.9 శాతం మందిని సరిగ్గా నెగటివ్ అంటుందని ప్రకటించారు. అంటే దేశంలో ఒక్కరికీ సోకకపోయినా ఆ 28,000 మందిలో 600కి దగ్గరగా పాజిటివ్‌లు వచ్చిపడాలి. అందుకే పాజిటివ్ వచ్చినవాటిని రెండో కిట్‌తో మళ్ళీ చూశారు, ఆపై కిట్ దోషాన్ని కూడా లెక్కలోంచి సవరించారు. ఆ సవరణ సూత్రం రోగన్, గ్లాడెన్ 1978లోనే రాశారు. ఎమ్మెస్సీ కుర్రాడికి రెండు నిమిషాల పని.

ఇప్పుడు నేను ఒక పరిశోధన సంస్థలో ఉన్నాను. జీతం అమీర్‌పేట దారిన వెళ్ళిన నా క్లాస్‌మేట్లలో సగం కూడా లేదు, దాచడం ఎందుకు. పత్రాల్లో స్టాటిస్టీషియన్ పేరు మధ్యలో ఎక్కడో ఇరుక్కుంటుంది. దానికి మందు ఒకటే, ప్రశ్న వేసే రోజే బల్ల దగ్గర ఉండటం. డేటా అంతా అయ్యాక పిలిస్తే నేను వెళ్ళడం మానేశాను.

ఈ దారిలోకి రావాలనుకునేవాళ్ళు కోర్సుల పేర్లు అడిగే ముందు ఒక పని చేయండి. ముంబయిలోని ఐఐపీఎస్ (జనాభా అధ్యయన సంస్థ) నిర్వహించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటా పరిశోధన కోసం పేరు నమోదు చేసుకుని అడిగితే దొరుకుతుంది. ఆర్‌లో (స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) సర్వే ప్యాకేజీ వేసుకుని, మీ జిల్లాలో రక్తహీనత శాతాన్ని వెయిట్స్ (శాంపిల్‌లో ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) లేకుండా ఒకసారి, వెయిట్స్, క్లస్టర్లు (ఒకే చోటు నుంచి గుంపుగా తీసిన ఇళ్ళు) పెట్టి ఇంకోసారి లెక్కేయండి. నివేదికలో ఉన్న అంకె రాకపోతే ఎందుకు రాలేదో వెతకండి. ఆ తర్వాత ఇది చూడండి. 2015–16 నాటి నాలుగో విడతలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత 58.6 శాతం. వేలికొన నుంచి చుక్క తీసి కొలిచారు. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో సిర నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో కొలిస్తే ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో 41 శాతం. ఈ తేడాలో ఎంత భాగం రక్తం తీసిన చోటు వల్ల, ఎంత భాగం ఆరు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలు ఒకదాంట్లో ఉండి ఇంకొకదాంట్లో లేకపోవడం వల్ల, ఎంత భాగం నిజంగా వచ్చిన మార్పు? రెండు పేజీలు రాయండి, తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా. ఆ రెండు పేజీలతో వచ్చినవాళ్ళతో ఎంతసేపైనా మాట్లాడతాను.